లేడి పొట్ట మీద నా వేలిముద్ర

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "అత్తా, ఇది చూడు" అంది. తెర మీద ఓ లేడిపిల్ల. వేలితో ఒకసారి తాకితే ఒళ్లంతా గోధుమరంగు నిండింది. నచ్చలేదట, రెండు వేళ్లతో తాకింది, రంగు మాయం. "గలత్ అయితే ఏమైంది, వెనక్కి తీసేయడమే కదా" అంది. ఆ నిబ్బరానికి నాకు నవ్వొచ్చింది, కాస్త కుళ్లు కూడా పుట్టింది.

నాకప్పుడు పదకొండేళ్లు. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఇనుపగనుల ఊరు బచేలిలోనే, కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. మా చిన్న మామయ్య మద్రాసులో పిల్లల కార్టూను సినిమాలకు రంగులు వేసేవాడు. ఇంకా టెంపరరీయే. అక్క చేతి ఆవకాయ మీద బెంగ, సెలవేమో దొరకదు, అందుకని ఆ వేసవిలో పనిని వెంటబెట్టుకుని మా ఇంట్లో దిగాడు. కట్టెడు పారదర్శకమైన షీట్లు, ప్రతిదాని మీదా పరుగెత్తే లేడి గీతలు. షీటు షీటుకీ కాలు వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. గీతలు ముందువైపు, రంగు వెనకవైపు వేయాలి. ఈ కట్ట మచ్చ లేకుండా పంపితే మామయ్య ఉద్యోగం పర్మనెంటు. మచ్చ లేకుండానా, బచేలిలోనా! ఇక్కడ ఇనుపకొండ ఎర్రదుమ్ము అడక్కుండానే అన్నంలోకి వస్తుంది. మామయ్య కిటికీలు మూయించి తడి దుప్పట్లు కట్టించాడు, అదీ మే నెలలో. "ఏట్రా, మేం మనుషులమా, ఊరగాయ జాడీలమా?" అని అమ్మ గొణిగేది. గొణుగుతూనే దుప్పట్లు తడిపేది. చేతులకు నూలు తొడుగులు వేసుకుని, రంగు వేసిన షీట్లు ఆరబెట్టడం నా పని.

చివరిరోజు మామయ్య స్నానానికి వెళ్లాడు. చెమటకి విసుగెత్తి తొడుగులు తీసేసి, వాకిట్లో కాసేపు ఆడి వచ్చాను. ఒక్క షీటు వెలుతురుకు పట్టి చూద్దామనిపించింది. దుమ్ముపట్టిన బొటనవేలు లేడి పొట్ట మీది పచ్చిరంగులో దిగింది. తిప్పి చూస్తే, ముందువైపు కూడా ఎర్రగా ముద్ర. మామయ్య వచ్చేసరికి వెక్కుతున్నాను. రంగు గిన్నె అడుగంటింది, మళ్లీ కలిపితే అదే ఛాయ రాదు, విశాఖ బండికి గంట కూడా లేదు. "ఊరుకోవే. తెర మీద ఆ షీటు ఉండేది రెప్పపాటు. ఎవడు చూస్తాడు?" అన్నాడు. అన్నాడే గానీ, కట్టకు తాడు బిగించబోతూ ఆ షీటు మళ్లీ బయటికి తీసి చూశాడు. మామయ్య పొట్టకొట్టానేమోనన్న దిగులుతో, మద్రాసు నుంచి ఆయన కార్డు వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. కార్డులో ఉద్యోగం ఖాయమని రాశాడు. అమ్మ పాయసం చేసింది.

ఆ సినిమాను తర్వాత మా కంపెనీ క్లబ్బులో వేశారు. మామయ్య పనిగట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇదిగో, ఇప్పుడే" అని చెయ్యి నొక్కాడు. నేను భయంతో గట్టిగా కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి లేడి అడవి దాటిపోయింది.

ఇదంతా విని మేనకోడలు నన్ను వాకిట్లోకి లాక్కెళ్లింది. నా బొటనవేలిని దుమ్ములో అద్ది, కాగితం మీద నొక్కించి, ఫోటో తీసింది. తన లేడి పరుగులో ఒకే ఒక్క బొమ్మకు దాన్ని అతికించి, బొమ్మను అక్కడే ఆపింది. "ఉంచనా అత్తా, తీసేయనా?" అంది. ఉంచమన్నాను. తనివితీరా చూశాను. ఆ బొమ్మను మద్రాసులో ఉన్న మామయ్యకు పంపితే, "ఈసారైనా కళ్లు తెరిచి చూశావుటే?" అని జవాబిచ్చాడు.

చూశాను మామయ్యా. ఆ రెప్పపాటు నా దాకా రావడానికి ముప్పయి అయిదేళ్లు పట్టింది, అంతే.