వెనక సీటు

మనవడు పాత కారు కొని ఇంటి ముందు ఆపాడు. తలుపు తీయగానే వచ్చిన తోలు, పెట్రోలు కలిసిన వాసన నన్ను రెండో ప్రపంచ యుద్ధం రోజుల బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి తీసుకుపోయింది.

కొత్త కార్లు దొరకని కాలమది. ఊరు విడిచి వెళ్తున్న రైలింజన్ల షెడ్ ఫోర్‌మన్ తన నల్లకారు అమ్ముతూ, మామూలు ధర మీద ఇంకొంత అడిగాడు. అచ్చం మా తాతగారి కారులాంటిదే. ఆస్తులు పోయి నాన్నగారు రైల్వే గుమాస్తా అయ్యాక అలాంటి బండి మా కంటపడలేదు.

"కూరలోడు మనకి కొసరేస్తాడు. ఈయనేటి, మన్నే కొసరడుగుతన్నాడు?" అంది అమ్మ. అంతలోనే మెడలోని బంగారు కంటె తడుముకుని, "పోనీ, ఇది అమ్మీసి కొనీండి" అంది.

నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని ఫోర్‌మన్ ఇంటికెళ్లి, కోటు గుండీలు పెట్టుకుని, వెనక తలుపు తీసి, సీటులో నిటారుగా కూర్చున్నారు. దేవుడు రథమెక్కినట్టనిపించింది నాకు. ఆయన చెయ్యి ఊపితే చాలు, బండి కదులుతుందని ఊపిరి బిగబట్టాను.

ఫోర్‌మన్ తాళంచెవి అందిస్తూ, "చలాకే దేఖియే, బాబూజీ" అని నడిపి చూడమన్నాడు.

నాన్నగారు ఖాళీగా ఉన్న ముందు సీటు వైపు చూశారు. మా ఇంట్లో ఎవరికీ కారు నడపడం రాదు. తాతగారికి డ్రైవరుండేవాడు.

ఆయన నెమ్మదిగా దిగి, "అంత పోసి కొనీపాటి బండి కాదిది" అన్నారు.

అంత గొప్ప కారు కూడా మాకు తగినది కాదన్న గర్వంతో, ఇంటిదాకా ఛాతీ విరుచుకుని నడిచాను. అసలు సంగతి పెద్దయ్యాక గాని తట్టలేదు.

"ముందు కూర్చో తాతా" అన్నాడు మనవడు.

నేను అప్పటికే వెనక తలుపు తీశాను.