మిరపకాయల గోడౌనులో చక్రాలు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ కింద, కార్లు నిలిపే చోట, పిల్లలకి స్కేటింగ్ క్లాసు మొదలుపెట్టారు. మా ఎనిమిదేళ్ళ అమ్మాయి కొత్త స్కేట్లలో పాదాలు దూర్చి, మెట్టు మీద కూర్చుని, పక్కపిల్లతో కబుర్లాడుతూనే నా వైపు కాలు చాపింది. కట్టమని నోటితో కూడా అనలేదు. ఆ చాపిన కాలు చూడగానే నాకు గుండెలో కలుక్కుమంది. పాపం, పిల్ల తప్పేమీ లేదు. మా ఇంట్లో అలా కాలు చాపిన ఘనత అందరికంటే ముందు నాదే.

తొంభైల మొదట్లో తొండియార్‌పేటలో మాకొక స్కేటింగ్ రింకు ఉండేది. మాకు అంటున్నాను గానీ అది మా చిన్నాయనది, అంటే మా నాయన తమ్ముడిది. అంతకుముందు అది మా తాత ఎండుమిరపకాయలు నిలవచేసిన గోడౌను. తాత పోయాక అది చిన్నాయన వాటాకి వచ్చింది. అందరూ అద్దెకిమ్మన్నారు. ఆయన వింటేగా! నేలంతా నున్నగా సిమెంటు చేయించి, చుట్టూ వెదురు కంచె కట్టించి, ఎక్కడినుంచో ఇనుప చక్రాల స్కేట్లు గోనెసంచుల్లో తెప్పించాడు. సిమెంటయితే వేశారు గానీ గోడల సందుల్లో మిరప ఘాటు ఎక్కడికి పోతుంది? పదిమంది పిల్లలు జోరుగా తిరిగితే చాలు, తుమ్ములు మొదలు. తుమ్ముతూ తూలేవాళ్ళు, తూలి ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు, పడి నవ్వేవాళ్ళు. మనలి వైపునుంచి గాలి తిరిగిందంటే రిఫైనరీ కంపు కూడా దానికి తోడు. అయినా సాయంత్రం అయిదయ్యేసరికి హార్బరులో పనిచేసేవాళ్ళ పిల్లలు, కొట్ల వాళ్ళ పిల్లలు, మా వీధి పిల్లలు అందరూ గేటు దగ్గర తోసుకుంటూ నిలబడేవాళ్ళు.

ఆ కాలపు స్కేట్లని చెప్పుల మీదే తొడిగి, చిన్న ఇనుప తాళంచెవితో బిగించి, తోలు పట్టీలు కట్టాలి. మా తాత గోడౌను తాళంచెవి జంధ్యానికి కట్టుకునేవాడు. చిన్నాయన అదే అలవాటు చొప్పున స్కేట్ల చెవి కట్టుకున్నాడు. వంగినప్పుడల్లా అది బనీనులోంచి జారి ఊగేది. వచ్చిన ప్రతి బిడ్డకీ తనే నేల మీద గొంతుక్కూర్చుని, పాదం మోకాలి మీద పెట్టుకుని పట్టీలు కట్టేవాడు. ఆ పనికి ఒక మనిషిని పెట్టుకోరాదా అని నాయన అంటే, "వాడు వదులుగా కడితే బిడ్డ మూతి పగలదా?" అనేవాడు. అవ్వకి మాత్రం ఒళ్ళు మండేది. "ఊళ్ళో పిల్లకాయల కాళ్ళు పట్టుకునేదానికా నిన్ను కనింది?" అని రోజూ ఒక పాట పాడేది.

అవ్వ బాధ వ్యాపారపు పరువు ఒక్కటే కాదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు తాకితే చిన్నవాళ్ళకి ఆయుష్షు తగ్గుతుందని మా ఇళ్ళల్లో నమ్మకం. తాకిన పెద్దవాళ్ళు వెంటనే "నూరేళ్ళు" అని దీవించాలి. చిన్నాయన ప్రతి బిడ్డకీ పట్టీ బిగించి, తల మీద తట్టి, "నూరేళ్ళు!" అని వదిలేవాడు. అరవ పిల్లలకి ఆ మాటకి అర్థమేం తెలుసు? అది బయల్దేరమని చెప్పే మాట అనుకుని, కంచె వదిలేటప్పుడు వాళ్ళే "నూరేళ్ళు!" అని అరుస్తూ దూసుకుపోయేవాళ్ళు. మా ఇంటి పిల్లలకి మాత్రం ఆయన కట్టేవాడు కాదు. సొంత రక్తమైతే ఆ దీవెన కూడా చాలదని అవ్వ బెదిరించి పెట్టింది. స్కేట్ల చెవి విప్పి నా ఒళ్ళోకి విసిరి, "నువ్వే కట్టుకోమ్మే" అనేవాడు.

నేను అప్పుడు మైలాపూరులో చదువుకునేదాన్ని. క్లాసులో అందరికీ ఆ పక్క ఇళ్ళే. తొండియార్‌పేట అంటే ముక్కు చిట్లించేవాళ్ళు. ఆ ఉక్రోషంలో ఒకరోజు, మాకు సొంత స్కేటింగ్ రింకు ఉందని, మా చిన్నాయన చాలా పెద్ద బిజినెస్‌మానని కోసేశాను. నలుగురు స్నేహితురాళ్ళు ఒక శనివారం కారులో దిగనే దిగారు. నాకు పదమూడేళ్ళు. గేటు దాటేసరికి మా పెద్ద బిజినెస్‌మాన్ మాసిన బనీనుతో, పైకి మడిచి కట్టిన లుంగీతో, ఎవరో పిల్లవాడి పాదం మోకాలి మీద పెట్టుకుని కనిపించాడు. నన్ను చూసి మొహమంతా నవ్వయ్యాడు. ఆయన నోరు తెరవకముందే ఒకమ్మాయి, "మీ అంకుల్ ఎక్కడ?" అంది. నేను, "బెంగుళూరు వెళ్ళాడు" అన్నాను. ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన వరసగా ఆ నలుగురికీ కట్టాడు. తర్వాత నా వంతు. నాకు నేనే కట్టుకుంటే వాళ్ళకి అనుమానం వస్తుందేమోనని, బెంచీ మీద కూర్చుని కాలు చాపి, "అణ్ణా, ఎనక్కుం కట్టి విడుంగ" అన్నాను. నాకూ కట్టమని, పనివాడితో చెప్పినట్టు, అరవంలో. పుట్టినప్పటినుంచి ఆయనతో తెలుగు తప్ప మాట్లాడి ఎరగను. చిన్నాయన ఒక్కసారి నా మొహం చూశాడు. తర్వాత తల వంచుకుని, "సరింగమ్మా, కాల నీట్టుంగ" అన్నాడు. నన్ను ఏమే, ఒసే అని పిలిచే మనిషి, కాలు చాపండమ్మా అన్నాడు. కట్టడం అయ్యాక అందరికీ చెప్పినట్టే నాకూ తల తట్టి "నూరేళ్ళు" అన్నాడు. చెయ్యి తియ్యకుండా, కళ్ళు మూసుకుని, నాకొక్కదానికే వినబడేట్టు ఇంకోసారి "నూరేళ్ళు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నా బండారం బయటపడుతుందని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. అన్నాల దగ్గర అవ్వ, "దీని ఫ్రెండ్సు వచ్చినారంటనే, ఎట్లా ఉండారు?" అని అడిగింది. చిన్నాయన పప్పు కలుపుకుంటూ, "బంగారట్లాంటి బిడ్డలమ్మా" అన్నాడు. తిట్టినా, నాయనతో చెప్పి కొట్టించినా ఎంత హాయిగా ఉండేదో. పరీక్షలని చెప్పి నేను రింకు వైపు వెళ్ళడం మానేశాను. అది కూడా సిగ్గుతోనే గానీ పశ్చాత్తాపంతో కాదు. ఎంత పిరికిదాన్నో చూడండి.

ఇంకో నాలుగైదేళ్ళకి ఇళ్ళల్లోకి కేబుల్ టీవీలు, వీధుల్లోకి వీడియో గేముల కొట్లు వచ్చాయి. రింకులో పిల్లలు పలచబడ్డారు. స్కేట్లు మళ్ళీ గోనెసంచుల్లోకి వెళ్ళాయి, గోడౌనులోకి ఎవరివో పార్సిళ్ళు వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత చిన్నాయనకి షుగరు వచ్చి కాలికి పుండు లేచింది. కట్టు మార్చడానికి నేను వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆయన పాదం నా మోకాలి మీద పెట్టుకుని, ధైర్యం కూడగట్టుకుని, "చిన్నాయనా, ఆ పొద్దు మా ఫ్రెండ్సు వచ్చినప్పుడు..." అన్నాను. ఆయన నన్ను ముగించనివ్వలేదు.

"ఆ పొద్దు నీ ఎడమకాలి పట్టీ సరిగా కట్టలేకపోయినాను మే. ఏడ పడిపోతావో అని గంటసేపూ నిన్నే చూస్తా ఉండాను" అన్నాడు.

తప్పయిపోయిందని అప్పుడైనా అనాలి. కట్టు బిగువుగా ఉందా అని మాత్రం అడిగాను. బాగుందన్నాడు. ఆ మాట ఇంకోసారి ఎత్తేలోపు ఆయన పోయాడు.

మొన్న పార్కింగులో నేల మీద కూర్చుని మా అమ్మాయికి లేసులు కట్టాను. ఎడమకాలివి విప్పి మళ్ళీ కట్టాను. "నూరేళ్ళు" అన్నాను. "ఎన్నమ్మా?" అని అరవంలో అడిగి, జవాబు కోసం ఆగకుండా అది జారుకుంటూ వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళు నన్ను దాటుకుని అట్లాగే వెళ్ళిపోయాయి. నేను మాత్రం ఇంకా ఆ బెంచీ మీదే కాలు చాపుకుని కూర్చుని ఉన్నాను.