వెలిసిన రంగు

కొన్నేళ్ల కిందటి మాట. నారాయణపేట నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే బస్సులో, నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎడమచేయి ఒళ్లోని పెద్ద కవరు మీద ఆగకుండా వణుకుతోంది. మా వైపు పొద్దున్నే ఎవరి చేయి వణికినా, అలవాటైన కల్లు పడలేదనే అనుకుంటాం.

"ఏం పెద్దాయనా, పొద్దుగాల కల్లు దొరకలేదా?" అన్నాను, కాస్త గట్టిగానే. ముందు సీట్లవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన కవరులోంచి స్కానింగ్ ఫిలిం తీసి కిటికీ వెలుగుకు పట్టాడు. మెదడు బొమ్మ, మధ్యలో రెండు మెరిసే మచ్చలు.

"నేను తాగ బిడ్డా. మగ్గం నేస్త. గీ రెండూ ఒక్కతీరుగ ఉండాల్నట. గీ దిక్కు రంగు వెలిసింది, జూడు. పార్కిన్సన్స్ షురువైందన్నరు."

చీర అంచు చూపించినంత నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు.

నా మాట సగం బస్సు విన్నది. ఆయన జవాబు నేనొక్కణ్నే విన్నాను. ముందు సీట్లవాళ్లకు ఒక్క ముక్క చెబితే సరిపోయేది. మరికల్‌లో ఆ ముక్క చెప్పకుండానే నేను దిగుతుంటే, ఆయన కాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

ఆ నవ్వినవాళ్లకు ఆయన ఇప్పటికీ తాగుబోతే.