మడత విప్పని చీర

నిన్న బజారులో ఒకాయన వరిగడ్డి పక్కకి నెట్టి చిన్నరసాలు చూపించాడు. ఆ వాసనకి నేను నూజివీడులో మామిడికాయల గోడౌను పక్కనుండే చిన్న నాటకాల హాల్లోకి వెళ్లిపోయాను. నా ఈడువాళ్లకి గుర్తుండాలే, పెట్రోమాక్స్ లైటు రొద, కింద పరిచిన చాపలు!

అరవైల్లో అక్కడ ఓ పాత నవలని నాటకంగా వేశారు. ఆ నవల్లో విధవరాలైన కథానాయిక చివరికి మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. నాటకానికి చీరలు ఇళ్లలోనే అడిగి తెచ్చుకునేవాళ్లు కదా. ఆడవేషం వేసే సుబ్బారావు మా మేనత్తని అడిగాడు. చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి ఆవిడ. నవలంతా ఆవిడకి కంఠతా వచ్చు. తను కట్టే తెల్లచీర ఒకటిచ్చి, పెట్టె అడుగునుంచి తన పెళ్లినాటి ఎర్ర పట్టుచీర కూడా తీసింది.

"ఆఖరి రంగంలో ఇది కట్టుకో అబ్బాయ్."

ఆఖరి రంగంలో కథానాయిక తెల్లచీరతోనే నూతిలో దూకేసింది. హాలంతా ఏడ్చింది. మా నాన్న, అత్తయ్యకి సొంత అన్న, ఆయనా కళ్లు తుడుచుకున్నాడు.

"నవల్లో ఆవిడ చచ్చిపోదే," అంది అత్తయ్య, నా పక్కన కూర్చుని, తనలో తనే.

మర్నాడు సుబ్బారావు చీరలు తెచ్చాడు. "హాలిచ్చిన షావుకారుగారు ఒప్పుకోలేదక్కా. అలాంటి పెళ్లి మన స్టేజీ మీద వద్దన్నారు," అని తల దించుకున్నాడు.

తెల్లచీరకి మెడ దగ్గర వేషం రంగు అంటింది. పట్టుచీర మడత కూడా విప్పలేదు. అత్తయ్య దాన్ని అలాగే పెట్టె అడుగున పెట్టేసింది. తెల్లది ఉతికి ఆరేసి, సాయంత్రానికి తనే కట్టుకుంది.