తాళం వేసిన గదికి పంపిన మెయిల్

నా ఉద్యోగమేంటని ఎవరైనా అడిగితే నాకు నోరు చేదవుతుంది. లోన్ కావాలా అని, జుట్టు మొలవాలా అని, ఫ్లాట్ కొంటారా అని పొద్దున్నే మీకు మెయిళ్లు వస్తాయే, చదవకుండానే తుడిచేస్తారే, వాటిని మీదాకా చేర్చే ఏర్పాటు కట్టేది నేను. కట్టడం అనే మాట ఊరికే వాడలేదు. మా వాళ్లు తెలంగాణనుంచి ఈ ముంబయికి వచ్చి రాళ్లు మోసి, గోడలు లేపి బతికారు. వాళ్ల కామాటి పనిని బట్టే మా పేటకి కామాటిపుర అనే పేరొచ్చింది. వాళ్లు కట్టినవాటిలో ఎవరో ఒకరు కాపురాలు చేశారు. నేను కట్టినదాన్లో చెత్త తిరుగుతోంది.

లక్షమందికి మెయిల్ పంపడమంటే బటన్ నొక్కడమే అనుకుంటారు. ఒక్కసారిగా గుమ్మరిస్తే అవతలి సర్వర్లు అనుమానపడి తలుపేసుకుంటాయి. మొదట కొద్దికొద్దిగా పంపాలి, నమ్మకం కుదిరాక పెంచాలి. ఇప్పుడు కాదు తర్వాత రమ్మన్నచోటికి కాసేపాగి మళ్లీ వెళ్లాలి. అలాంటి అడ్రసే లేదంటే దాన్ని తీసేయాలి. వద్దన్న మనిషి జోలికి ఇంకెప్పుడూ పోకూడదు. మధ్యలో మిషన్ ఆగిపోతే, లేచాక ఆగినచోటునుంచే మొదలవ్వాలి. ఒకరికి రెండుసార్లు పోకూడదు, ఇంకొకరికి అసలు పోకుండానూ ఉండకూడదు. ఇదంతా నేనే రాశాను, బాగా రాశాను. ఆ మాట చెప్పుకోడానికి నాకు మొహమాటం లేదు.

మా బాస్‌కి అందులో నచ్చనిది ఒక్కటే, వద్దన్నవాళ్లని వదిలేయడం. వాళ్లందరినీ ఇంకో కంపెనీ పేరు మీద మళ్లీ ఎక్కించమన్నాడు. "వాళ్లు ఆ కంపెనీని వద్దన్నారు, దీన్ని కాదుగా" అని పళ్లికిలించాడు. ఆ నవ్వు చూస్తే తిన్నది పైకొచ్చినంత పనైంది. నేను చెయ్యనన్నాను. పక్క సీటతను చేశాడు. చేసి, మధ్యాహ్నం నా ఎదురుగానే డబ్బా విప్పుకుని శుభ్రంగా భోంచేశాడు.

ఆ రోత ఆఫీసులోనే వదిలేసి ఇంటికి పోవచ్చనుకునేదాన్ని. మేముండేది పాత చాల్. ఒక్కో అంతస్తుకి పొడుగ్గా ఒక గ్యాలరీ, దాని వెంట వరసగా ఒక్కో గది కాపురాలు. మా చాల్‌లో కబురు చెప్పడానికి ఒక పద్ధతుండేది. నెలకొక ఇంటికి వంతు. నల్లా రావడం లేదన్నా, ఎవరైనా పోయారన్నా, బతుకమ్మకి చందాలన్నా, కమిటీ మీటింగన్నా, వంతున్న ఇంటివాళ్లు గ్యాలరీ వెంట తలుపు తలుపూ అరచేత్తో కొట్టుకుంటూ పోవాలి. కబురు చెప్పి అక్కడే నిలబడాలి. లోపల్నుంచి "విన్నం" అని వినపడితేనే తర్వాతి తలుపు. ఆ ఇంటికి తాళం ఉంటే పక్కింటివాళ్లు బయటికొచ్చి "మేం చెప్తం" అంటారు. అన్నాక అది వాళ్ల పూచీ. ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే ఆ కబురు చెప్పేవారు. వంతొచ్చిన నెల మెట్లెక్కి దిగలేక మా అమ్మ అందరినీ తిట్టుకునేది, కానీ ఒక్క తలుపూ వదిలేది కాదు.

మా పక్క గదిలో ఒక అవ్వ ఉంటుంది. చుట్టం కాదు, కానీ నేను పుట్టినప్పటినుంచీ ఆ గోడకి అవతలే ఉంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పాలమూరునుంచి కూలిపనికొచ్చి గదికి పదిమందిగా సర్దుకునే మగవాళ్లకి జొన్న రొట్టెలు చేసిపెట్టి బతుకుతుంది. పెళ్లయి ఆ గదిలో కాలుపెట్టింది, ఆమెకి ఈ ఊళ్లో ఉన్నది ఆ గది ఒక్కటే.

చాల్ కూల్చి టవర్ కడతామని బిల్డర్ వచ్చాడు. గది ఉన్న ప్రతివాళ్లకీ కొత్తదాంట్లో ఒక ఫ్లాటు. అయితే సర్వే జరుగుతుంది, ఆ వేళకి గదిలో కాపురం కనపడాలి. తాళం ఉంటే ఉండటంలేదని రాస్తారు, ఫ్లాటు రాదు. షరతు ఇంతే. బిల్డర్ ఫోరస్ రోడ్డు మీద ఆఫీసు తెరిచి, బయట ఒక ఫ్లెక్సీ కట్టాడు. అందులో తెల్లటి కుటుంబం ఒకటి నవ్వుతూ ఉంటుంది. ఎంత వెతికినా కామాటిపుర అనే మాట కనపడదు. వేశ్యావాటికని ముద్రపడ్డ పేట కాబట్టి ఆ పేరంటే వాళ్లకి అసహ్యం, కింద ఉన్న నేల మాత్రం ముద్దు.

మా కమిటీ సెక్రెటరీని నేను మామా అని పిలుస్తాను. ఇదే చాల్‌లో పుట్టాడు, ఇదే గ్యాలరీలో బనీను మీద తిరిగాడు. బిల్డర్ ఆఫీసులో ఏసీ కింద టీ తాగడం మొదలయ్యాక చొక్కా ఇస్త్రీ చేయించడం నేర్చాడు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"బేటా, నోటీసులన్నీ ఇగ మెయిల్ల పోవాలంట. వాట్సాప్ గ్రూపుల లొల్లి తప్ప ఏం లేదు. మెయిలైతే పంపినమని పక్కా సబూత్ ఉంటది అంటుండు బిల్డర్ వకీలు. నువ్వు గదే పని చేస్తవు గద, మనకొకటి కట్టియ్యి."

కట్టిచ్చాను. చెత్త కాని ఉత్తరం ఒక్కటైనా నా చేతిమీదుగా పోతుందని సంబరపడ్డాను, నిజం. ఆఫీసులో లక్షలకి వాడే జాగ్రత్తలన్నీ మా చాల్ కోసం పెట్టాను. మెయిల్ తెలుగులో కూడా ఉండాలన్నాను. "తెలుగుల పెడితే మంచిగ కనిపియ్యదు, మరాఠీ, ఇంగ్లీషు చాలు" అన్నాడు మామ, తెలుగులోనే. మొదటి మీటింగు నోటీసు పంపాం. ఒక్కటీ తిరిగి రాలేదు. రిపోర్టులో ప్రతి పేరు పక్కనా చేరింది అని పచ్చగా వచ్చింది. మామ నా తల మీద చెయ్యిపెట్టాడు.

తర్వాత పక్క గడి చూశాను. అది తెరిచారా లేదా చెప్పే గడి. పూర్తిగా నమ్మదగింది కాదు గానీ, బొత్తిగా తెలియకపోవడంకన్నా నయం. అందులో దాదాపు అన్నీ ఖాళీ. కారణం కనుక్కోడానికి ఎక్కువ తిరగక్కర్లేకపోయింది. మా వాళ్లు ఫోన్ కొనేది ఫాక్‌లాండ్ రోడ్డులో. కొన్నప్పుడల్లా షాపతను అప్పటికప్పుడు కొత్త మెయిల్ అడ్రసు తయారుచేసి, తనకి తోచిన పాస్‌వర్డు పెట్టి ఫోన్ చేతికిస్తాడు. పాతది ఏమైందని ఎవరూ అడగరు. కమిటీ దగ్గరున్న అడ్రసులు రెండు మూడు ఫోన్ల కిందటివి. ఆ పెట్టెలు ఉన్నాయి కాబట్టి మెయిలు తీసుకుంటాయి. వాటిని తెరిచే మనిషి లేడు.

మామకి చెప్పాను. "ఇది పెట్టెదాకా పోయిందని చెబుతుంది మామా, మనిషిదాకా పోయిందని కాదు. అడ్రసులన్నీ మళ్లీ అడిగి రాసుకుందాం. అందాకా తలుపులు తట్టడం ఆపొద్దు."

"టెన్షన్ నక్కో" అన్నాడు. "చేస్త గద."

ఏమీ చెయ్యలేదు. పైగా మర్నాటినుంచే వంతు ఎత్తేశాడు. మెయిల్ ఉండగా తలుపులు బాదుకోవడమేంటి, చదువుకున్న చాల్ అనిపించుకోవాలి అన్నాడట. మెట్లెక్కే బాధ తప్పిందని జనమూ సంతోషించారు, మా అమ్మతో సహా. ఆ తర్వాత మెయిల్ రాసేది బిల్డర్ ఆఫీసు, బటన్ నొక్కేది మామ. మా గది నాన్న పేరు మీద ఉంది, కాబట్టి మాకొచ్చేవి కూడా నాన్న పాత ఫోన్ పెట్టెలోకే పోయేవి. కట్టింది నేను, నాకే కబురు లేదు.

సర్వే నోటీసు అలాగే పోయింది. ఆ వారమే సొంతూళ్లో అవ్వ తమ్ముడు పోయాడు. అవ్వ బియ్యం డబ్బా మీద మూతపెట్టి, తాళం వేసి, తాళంచెవి మా అమ్మకిచ్చి బస్సెక్కింది. దినాలు అయ్యాక వస్తానంది. సర్వేవాళ్లు వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. మిగతా గదుల్లో ఎవరో ఒకరున్నారు, గడిచిపోయింది. అవ్వ తలుపు తట్టారు. వచ్చింది సర్వేవాళ్లని తెలియకుండానే మా అమ్మ బయటికొచ్చింది.

"ఆమె ఊరికి పోయింది, వస్తది. నేను చెప్తా" అంది.

వాళ్లు తలూపి, తాళానికి ఫోటో తీసుకుని పోయారు. పక్కింటివాళ్లు మేం చెప్తం అంటే కబురు చేరినట్టే, అడిగినవాళ్లు తృప్తిపడి పోతారు. అమ్మకి తెలిసిన లెక్క అది. తాళంచెవి ఆమె కొంగుకే ఉంది. తలుపు తీసి పొయ్యి, పెనం, పరుపు చూపిస్తే సరిపోయేది. మనిషి లేనప్పుడు పరాయి ఇల్లు తెరవడం తప్పని తీయలేదు. చావింట్లో ఉన్న మనిషికి ఫోన్ చేయడం ఎందుకని చేయలేదు. అవ్వ తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే చెప్పింది. "సర్కారోళ్లో ఎవరో వచ్చిన్రు, నువ్వు ఊర్ల ఉన్నవని చెప్పిన." అవ్వ మంచిపని చేశావంది. పదిరోజులకి కింద నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. అవ్వ పేరు పక్కన గది మూత, నివాసం లేదు అని ఉంది. ఆ కాగితానికి మాత్రం మెయిల్ అక్కర్లేకపోయింది.

అవ్వనీ అమ్మనీ వెంటబెట్టుకుని ఫోరస్ రోడ్డు ఆఫీసుకి పోయాను. మామ అక్కడే ఉన్నాడు, టీ కప్పుతో. టేబుల్ వెనకాయన మర్యాదగా కుర్చీలు వేయించి ఒక కాగితం మా ముందుకి జరిపాడు. నా సిస్టమ్‌లోంచి తీసిన రిపోర్టు. గీతలు, అక్షరాలు, వరస, అన్నీ నేను దిద్దినవే. అవ్వ పేరు పక్కన చేరింది అని ఉంది.

"నోటీసు అందింది. పైగా పక్కింటివాళ్లకి నోటితో కూడా చెప్పాం, వాళ్లు సరేనన్నారు" అన్నాడు మరాఠీలో.

మా అమ్మ అవ్వ వైపు తిరిగింది. తాను అన్న మాటే అవ్వ మీదికి తిరిగిందని ఆమెకి అక్కడే అర్థమైంది.

"ఇది కట్టింది నేను" అన్నాను. "దీని పక్కన ఇంకో గడి ఉండాలి, తెరిచారా లేదా అని. అదెక్కడ?"

"అది గందరగోళంగా ఉందని తీసేయించాం మేడమ్" అన్నాడు ఆయన. మామ కప్పులోకి చూస్తున్నాడు. మా బాస్ నవ్వుకీ ఈయన మర్యాదకీ తేడా ఏమీ లేదు. అవతల మనిషి విన్నాడా లేదా అన్నది ఇద్దరికీ అక్కర్లేదు, చెప్పేశాం అనిపించుకుంటే చాలు. నేను రాసిన ప్రతి అక్షరం మీదా నాకు ఆ నిమిషంలో అసహ్యం పుట్టింది. అంత జాగ్రత్తగా కట్టకపోయినా బాగుండేది. ఒక్క మెయిలైనా తిరిగొచ్చి ఉంటే, అవ్వకి అందలేదని చూపించడానికి అదే పనికొచ్చేది.

గట్టిగా అరిచాననుకుంటాను. చివరికి మళ్లీ సర్వే చేస్తామన్నారు. ఎప్పుడని అడిగాను. తేదీ మెయిల్‌లో పంపుతామన్నారు. అయితే అవ్వ అడ్రసు తీసి నాది పెట్టమన్నాను. అడ్రసు మార్చాలంటే ఆ విన్నపం పాత అడ్రసు నుంచే రావాలి, అది రూలు అన్నారు. అవ్వ పాత అడ్రసు పాస్‌వర్డు కోసం ఫాక్‌లాండ్ రోడ్డు షాపుకి పరిగెత్తాను. "అంత పాతవి ఎవరికి యాదుంటయ్ దీదీ" అన్నాడు షాపతను, ఇంకెవరికో కొత్త ఫోన్‌లో కొత్త అడ్రసు పెడుతూ.

సర్వే ఏ పూటొస్తుందో తెలియదు కాబట్టి ఆ తర్వాత అవ్వ గదికి తాళం పడలేదు. రొట్టెలు తీసుకెళ్లి ఇవ్వడం మానేసింది, కావాల్సినవాళ్లే వచ్చి పట్టుకుపోతున్నారు. కంటికి మందు కోసం ఆస్పత్రికి పోలేదు. తమ్ముడి మాసికానికి ఊరినుంచి ఫోన్ వస్తే, రానని చెప్పి గోడవైపు తిరిగి ఏడ్చింది. నేనుంటాను పొమ్మన్నాను. "నువ్వుంటే పక్కింటోళ్లు ఉన్నరని రాస్తరు బిడ్డా, నేనున్ననని రాయరు" అంది. మా అమ్మ ఆ మాట విని లోపలికి పోయింది.

వంతు నేను మళ్లీ మొదలుపెట్టాను. ఎవరూ తీసుకోకపోతే ప్రతి నెలా నాదే అనుకున్నాను. ఆఫీసునుంచి వచ్చి, చేతిసంచి ఇంట్లో పడేసి, గ్యాలరీ ఆ చివరినుంచి తట్టుకుంటూ వస్తాను. కొందరు టీవీ ముందునుంచి లేవకుండా "ఆఁ ఆఁ" అంటారు. విన్నం అనేదాకా నేను కదలను. నన్ను చూసి నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ.

నిన్న అవ్వ గడపదాకా వచ్చాను. తట్టడానికి తలుపు వేసి లేదు. గడపకి ఇవతలే పీట వేసుకుని కూర్చునుంది. నేను నోరు తెరవకముందే "విన్న" అంది.

"నేనింకా ఏం చెప్పలేదవ్వా."

"ఏదన్న చెప్తవనే గద ఇక్కడ కూసున్న" అంది.

చెప్పడానికి నా దగ్గర రేపు నల్లా రాదన్న కబురు తప్ప ఇంకేమీ లేదు.