సున్నం కింద ఎర్రగీతలు

తప్పు జరిగింది. చేసినవాడు పెద్దమ్మ కొడుకు. మహబూబాబాద్ బజారులో కిరాణా దుకాణం నడిపే అన్న, తల్లి పోయి వారం తిరగకముందే, ఆమె ఒక కొత్త భాషకు అక్షరాలు రాసుకున్న గోడకు సున్నం కొట్టించాడు. ఈ కరపత్రం ఇలాగే మొదలుపెట్టాలని ఆ గోడ చూసిన కోపంలో అనుకున్నాను. అలాగే మొదలుపెట్టాను. దీని తర్వాతి మాట ఏమిటో మాత్రం ఇప్పుడు నాకే తెలియడం లేదు.

పెద్దమ్మ పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది కూడా ఆ అన్నే. నేను భూపాలపల్లి గని దగ్గర కాంట్రాక్టు పనిలో ఉన్నాను. సెలవు దొరికి, బండి దొరికి, ఇక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు. కనీసం గోడనైనా చూద్దామని దుకాణం వెనక్కి వెళ్తే అక్కడ తెల్లటి సున్నం, పచ్చి వాసన.

ఆమె నాకు చుట్టం కాదు. మాది గంగారం దగ్గర తండా. ఇంట్లో మాకు వేరే భాష ఉంది, దానికి సొంత లిపి లేదు. డిగ్రీ చదివే రోజుల్లో వాళ్ల దుకాణం వెనక గదిలో అద్దెకు ఉన్నాను. మొదట్లో సావుకారమ్మా అని పిలిస్తే పలికేది కాదు. పెద్దమ్మా అన్నాక పలికింది.

పలికింది అన్నానుగానీ, పలకడమే ఆమెకు కష్టం. నోటిలో పుండు ముదిరితే వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేసి నాలుక ముందు భాగం తీసేశారు. అంతకుముందు గల్లా దగ్గర కూర్చుని బజారంతా వినబడేలా బేరం చేసిన మనిషి. ఆపరేషన్ అయ్యాక ఆమె మాట సగం గాలిగా వచ్చేది. బేరానికి వచ్చినవాళ్లు అర్థం కాక నవ్వేవారు. కొందరు ఆమె మాట అనుకరించి మరీ నవ్వేవారు. ఒకరోజు తనంతట తానే లేచి వెనక వాకిట్లోకి వెళ్లి మంచం వాల్చుకుంది. మళ్లీ గల్లా ముందు కూర్చోలేదు. ఇక్కడ ఆమె మాటలను నేను తిన్నగా రాస్తున్నాను. అవి అట్లా వినబడేవని ఎవరూ అనుకోవద్దు.

నేను అప్పుడు భాష తయారుచేసే పనిలో ఉన్నాను. నవ్వకండి. జనగామ స్టేషన్ బయట అమ్మే చిన్న చిన్న పుస్తకాలు చదివి, మనుషులందరికీ ఒకే భాష ఉంటే ఎక్కువతక్కువలు పోతాయని గట్టిగా నమ్మాను. బడిలో నా తెలుగును ఎక్కిరించారు. సినిమాల్లో మా తెలుగు మొత్తాన్నీ ఎక్కిరించారు. ఎవరి సొంతమూ కాని భాష ఒకటి ఉంటే ఎవరినీ ఎక్కిరించలేరు కదా అని నా లెక్క. ఎక్కడెక్కడి ధ్వనులో ఏరి, వాకిట్లో ఆమె మంచం పక్కన నిలబడి ఒక్కొక్కటీ పలికి చూపించాను. ఆమె పలకబోయింది. ఒకటి రాలేదు. ఇంకోటీ రాలేదు. నాకు విసుగొచ్చింది. జర ప్రయత్నం చెయ్యి పెద్దమ్మా అని గట్టిగానే అన్నాను.

ఆమె మూతి తుడుచుకుని, "నీ భాష మంచిదే బిడ్డా. కని గది మాట్లాడెతందుకు నాకు నోరేది?" అన్నది.

ఆరోజు నుంచి పని తీరు మారిపోయింది. ఆమె పలకలేని ధ్వని భాషలో ఉండొద్దు. అంతే నియమం. నాలుక కొన తగిలే ధ్వనులన్నీ పోయాయి. పెదవులవి మిగిలాయి, గొంతువి మిగిలాయి, ఊపిరిది ఒకటి మిగిలింది. ప, బ, మ, వ, క, గ, హ, కొన్ని అచ్చులు. ఇంత తక్కువతో లోకం మొత్తాన్ని ఎలా చెప్తామని నేను తల పట్టుకుంటే, లోకాన్నంతా చెప్పుడు నీకెందుకు, ముందు నీళ్లు అడుగు అనేది. నీళ్లకు హుమ అని పెట్టింది. తాగినప్పుడు గొంతు అట్లే అంటుందట.

రాత ఎలా ఉండాలో కూడా ఆమే చెప్పింది. మూతి ఎట్లుంటే అక్షరం అట్లుండాలె అన్నది. పెదవులు మూస్తే అడ్డగీత, తెరిస్తే సున్న, ఊపిరి వదిలితే కిందికి జారే తోక. ముగ్గుల కోసం నానబెట్టిన జాజులో వేలు ముంచి గోడ మీద రాసేది. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసేది. ఎర్రమట్టి ఆమె గోళ్లలో ఎప్పుడూ ఉండేది. కాగితం మీదికి ఎక్కిద్దామని నేనంటే, పొద్దున్నే లేవంగ కనపడాలె, గోడే మంచిది అనేది.

మేం కొట్లాడుకున్నది కూడా తక్కువేం కాదు. చిన్నాపెద్దా అందరికీ ఒకటే "నువ్వు" అని నేను పట్టుబట్టాను. మా ఆయన బతికుంటే ఆయననూ గట్లనే పిలవాల్నా అని సిగ్గుపడి నవ్వింది, తర్వాత ఒప్పుకుంది. అమ్మడం, కొనడం అనే మాటలే మన భాషలో వద్దన్నాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు.

"కొనుడు అమ్ముడు లేకుంటె నేనేం మాట్లాడాలె? దేవునితోని మాట్లాడాల్నా?"

నేను పనికి వెళ్లాక గోడ ఆమె ఒక్కదాని చేతిలో ఉంది. పాత అక్షరాలు చాలా మార్చానని ఫోన్లో చెప్పింది. ఒకటి కొత్తది పెట్టిన, ఫోన్ల చెప్పెతందుకు రాదు, వచ్చి చూడు అన్నది. అదే ఆఖరు మాట. నా దగ్గరున్న ఫొటోలన్నీ పాత గోడవి. ఇద్దరం మాట్లాడే భాషలో ఒకరు పోతే, గోడ కూడా పోతే, మిగిలేది ఏమిటి? ఆ కోపంతోనే, ఆ గోడ ముందే, అన్న మీదికి వెళ్లాను.

అన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గుండు చేయించుకున్న తల తడుముకుంటూ, "అంటు పోవాలంటె సున్నం ఎయ్యాలె గద తమ్మీ. అందరిండ్లల్ల ఏస్తరు. గది రాత అని నాకేం ఎరుక? అమ్మకు పొద్దుపోక గీతలు గీస్తుంది అనుకున్న" అన్నాడు. చావు జరిగిన ఇంటికి సున్నం వేయడం మా తండాలోనూ ఉంది. మూఢనమ్మకమని ఉపన్యాసం మొదలుపెట్టాను. మధ్యలో అతను లోపలికి తిరిగి, నాకు తాగడానికి తెమ్మని భార్యను కేకేశాడు. "హుమ" అన్నాడు.

నేను ఆగిపోయాను. ఏమన్నవు అన్నా అని అడిగాను. నీళ్లు అన్న అన్నాడు. ఏ భాషలో అన్నావని అడిగితే నాకు పిచ్చి లేచిందేమో అన్నట్టు చూశాడు. "మా ఇంట్ల అందరం గట్లనే అంటం" అన్నాడు.

వదిన చెంబు తెచ్చి ఇచ్చింది. నాకేమైందో చెప్పలేను. సంతోషపడాలో, నా భాషను నాకు చెప్పకుండా వాడుకున్నారని ఏడవాలో తెలియలేదు. చేతిలో ఉన్న నీళ్లు గోడకేసి కొట్టాను.

సున్నం కొట్టింది ఒక్క పూతే. తడిసిన చోట సున్నం పలచబడి, కింది నుంచి ఎర్రగీతలు ఒక్కొక్కటీ పైకి తేలాయి. అన్న లోపలికెళ్లి బకెట్ తెచ్చాడు. తడిపినకొద్దీ గోడంతా వచ్చింది. అన్నిటికంటే కింద, మంచం మీద పడుకుని రాసినంత ఎత్తులో, నేనెప్పుడూ చూడని గుర్తు ఒకటి ఉంది. రెండు చిన్న చుక్కలు, వాటి కింద గీత. అది మూతి బొమ్మ కాదు. ఎట్లా పలకాలి అని వదినను అడిగాను.

"గది నోటితోని పలికేది కాదు," అని ఆమె తలుపు చెక్క మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టింది. "ఆఖరుకు మాట మొత్తం బందైంది. మంచం పట్టె మీద గిట్ల కొట్టేది. ఎందుకో మాకు సుత ఎరుకలే. మేము దగ్గరికి పోతే, మొఖం చూసి, చెయ్యి దించేది."

నా నియమాల ప్రకారం అది ధ్వనే కాదు, అక్షరం అంతకన్నా కాదు. నా నియమాలు ఏమయ్యాయో నాకు తెలియడం లేదు. ఎవరి మీద కోపంతో ఈ కరపత్రం మొదలుపెట్టానో అతనే దీన్ని అచ్చు వేయించమని తన బండి మీద నన్ను ప్రెస్ దాకా దింపాడు.

దినాలకు ముందు రెండో పూత తప్పదు. సోమవారం పొద్దున వేస్తారు. అది పడ్డాక ఎన్ని నీళ్లు పోసినా గీతలు కనపడవని సున్నం వేసే ఆయన చెప్పాడు. కాబట్టి ఈ ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు, ఆ గోడ మీద నుంచి ఎండ దిగిపోయే వేళకు, దుకాణం వెనక వాకిట్లోకి రండి. ఎవరికి వాళ్లు చెంబెడు నీళ్లు తెచ్చుకోండి. గల్లా ముందు నిలబడి ఆమె మాటకు నవ్వినవాళ్లు కూడా రండి. ఉపన్యాసాలు ఉండవు, నాది కూడా ఉండదు. అందరం కలిసి గోడ తడుపుదాం. అది ఆరేటప్పుడు పైనుంచి తెల్లబడుతూ వస్తుంది. పెదవులవి పోతాయి, గొంతువి పోతాయి, ఊపిరిది పోతుంది. అడుగున, ఆమె చెయ్యి ఆనిన చోట, నీళ్లన్నీ దిగి చేరే చోట, ఆ రెండు చుక్కలు మాత్రం చాలాసేపు ఎర్రగా ఉంటాయి.