బండి షెడ్డులో ఉన్న మంగళవారం

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటినుంచీ లెక్కలేదు. సండే స్కూలు బెంచీల మీద పెరిగినవాణ్ణి. చనిపోయినవాళ్ళు తిరగరని, అలాంటి కబుర్లు విశ్వాసులు చెప్పుకోకూడదని మా సంఘంలో పిల్లలకి పాఠం చెప్పింది నేనే. ఇప్పటికీ అదే చెబుతాను. ఇందులో చనిపోయినవాడెవడూ కనబడడు. నా ఇబ్బంది కూడా అదే.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నేను పోర్టులో క్లర్కుని, మల్కాపురంలో అద్దెకుండేవాణ్ణి. ఆదివారాలు ఆనందపురం అవతలి పల్లెల్లో వాక్యం చెప్పే పని సంఘం నాకు అప్పగించింది. దానికోసం పెద్దలు వెనక సీటు చిరిగిన ఒక పాత మోటార్ సైకిలు కూడా ఇప్పించారు.

వానాకాలంలో ఆ మట్టిదారుల్లో బండి నడవదు. తుఫాన్లు తగ్గి దారులు గట్టిపడ్డాక మా తిరుగుడు మొదలయ్యేది. మళ్ళీ ఎండలు ముదిరేదాకా ఆదివారమంటే బండి మీదే. పోర్టు దుమ్మూ ఉప్పుగాలీ కలిసి నాలుగు నెలల్లో చైనుని తినేసేవి. అందుకని ఏటా తిరుగుడు మొదలయ్యే ముందు వారం బండిని పూర్తిగా విప్పించి సర్వీసు చేయించేవాణ్ణి.

పాత పోస్టాఫీసు దగ్గర సందులో మస్తాన్ షెడ్డు. ఆయనకో పద్ధతి ఉండేది. బండి చేతికి రాగానే మీటరు అంకెలు గోడమీద సుద్దముక్కతో రాసేవాడు. మెకానిక్కులు కస్టమర్ల బండ్ల మీద షికార్లు కొడతారన్న మాట తనకి రాకూడదని. ఆ ఏడు సోమవారంనాడు బండి ఇచ్చినప్పుడు నా ఎదుటే రాశాడు. ఇంజన్ విప్పి చూసి, పిస్టన్ ఆడే బోరు అరిగిపోయింది, ఆ బ్లాకు తీసి లేత్ షాపుకి పంపాలి, అది లేనిదే ఇంజన్ నడవదన్నాడు. శనివారం రమ్మన్నాడు.

ఆనందపురానికి తొమ్మిది కిలోమీటర్ల లోపల ఒక ఊళ్ళో సింహాద్రి అనే రైతు ఉండేవాడు. ఆ ఊళ్ళో బాప్తిస్మం తీసుకున్నది ఆయనా, భార్య మార్తమ్మా, ఇద్దరే. ఆ రోజునుంచి సింహాద్రి తమ్ముళ్ళు ఆ గడప తొక్కలేదు. మార్తమ్మ తమ్ముడు అప్పన్న ఒక్కడే వచ్చిపోయేవాడు. అతనికీ మా ప్రార్థనలంటే వేళాకోళమే, నన్నూ చనువుగా బావా అనేవాడు.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి అప్పన్న పోర్టు గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించాడు.

"మా బావకి బాగోలేదు. మంచం పట్టి నాలుగురోజులైంది. నిన్నొక్కసారి ఒచ్చి ప్రార్తన సెయ్యమన్నాడు. నువ్వు రాకపోతే ఆ తమ్ముళ్ళ ముందు తల కొట్టేసినట్టుంటదంట."

బండి షెడ్డులో ఉందని, ఇంజన్ విప్పేశారని, ఆదివారం తప్పకుండా వస్తానని చెప్పాను.

"ఏటి బావా, బండి లేకపోతే రాడేటి మీ దేవుడు? బస్సులో రమ్మను."

"ఆదివారం వస్తానని చెప్పు అప్పన్నా."

"నాను సెప్తాను. అందాక ఆయనుండాల గదా," అని వెళ్ళిపోయాడు.

బండి లేదన్నది అబద్ధం కాదు. కానీ ఆనందపురం దాకా బస్సుంది, అక్కడినుంచి నడవడానికి నాకు కాళ్ళున్నాయి. అసలు సంగతి, ఆ వారం పట్నంలో పెద్ద సువార్త సభలు. మద్రాసు నుంచి వచ్చిన ప్రసంగీకుడి పక్కన నిలబడి ఆయన ఇంగ్లీషుని తెలుగులో చెప్పే అవకాశం నాకొచ్చింది. మంగళవారమే మొదటి సభ. కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

రెండింటికి షిఫ్టు దిగి గేటు దగ్గర కార్డు పంచ్ చేశాను. మూడింటికి పందిట్లో ఉన్నాను. ఆరింటికి వేదిక మీద ఉన్నాను. ఆ సాయంత్రం నన్ను చూసినవాళ్ళు వందలమంది.

శనివారం షెడ్డుకి వెళ్ళాను. బండి తళతళలాడుతోంది. అలవాటుగా గోడమీద అంకె చూశాను, మీటరు చూశాను. డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు తేడా.

మస్తాన్‌ని పిలిచి చూపించాను. ఆయన వంగి మీటరు చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ మీటరు చూశాడు.

"అరే! నిన్న సాయంత్రం నాలుగు వీధులు ట్రయల్ కొట్టాను సాబ్, అంతే. గురువారం దాకా దీనికి బ్లాకే లేదు."

"మరి డెబ్బై ఎలా తిరిగింది?"

"నాకేటి తెలుసు? అనకాపల్లి దాకా తోసుకుంటా పోయి ఒచ్చాననుకున్నావా?"

పక్క దుకాణాలవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. దేవుడి పనికిచ్చిన బండి మీద షికార్లు చేసి, శుక్రవారం నమాజుకి వెళ్ళొస్తే సరిపోతుందా అన్నాను. అందరి ముందూ దొంగ అన్నాను. ఆయన తాళం నా చేతిలో పెట్టాడు.

"ఇంకెప్పుడూ ఈ సందులోకి బండి తేకండి," అన్నాడు. అప్పటిదాకా నన్ను నువ్వనే మనిషి.

ఆదివారం ఆ ఏటి మొదటి ప్రయాణం. బండి హాయిగా నడిచింది. ఊరి మొదట్లోనే అప్పన్న ఎదురై హేండిలు పట్టుకున్నాడు.

"బావ బుదవారం తెల్లారగట్ల పోయాడు. సుకంగా పోయాడులే. నువ్వు బలే నాటకాలాడతావు బావా! గేటు కాడ బండి లేదని అంత కత సెప్పి, నాను బస్సు దిగి నడుస్తంటే ఎనకనించి నువ్వే ఒచ్చి ఎక్కించుకోలేదా? తొమ్మిది కిలోమీటర్లూ ఒక్క మాటాడితే ఒట్టు."

అది నా బండేనా అని అడిగాను.

"మరెవుల్ది? ఎనక సీటు సిరుగులో నా లుంగీ సిక్కుకుంది."

మార్తమ్మ కూడా అదే చెప్పింది. నేను ఏ ఇంటికి వెళ్ళినా కుర్చీ వేయించుకునేవాణ్ణి, తాగే నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళేవాణ్ణి. మంగళవారం మధ్యాహ్నం వచ్చినతను నేలమీద కూర్చున్నాడట. సింహాద్రి మంచంలోనే పాడుచేసుకుంటే తనే పక్కకి తిప్పి, గుడ్డ తడిపి ఒళ్ళంతా తుడిచాడట. అంబలి పోస్తే తాగాడట. పైకి ప్రార్థన కూడా చెయ్యలేదట. చెయ్యి పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడట. గడప తొక్కని తమ్ముళ్ళు గుమ్మంలో నిలబడి చూశారట.

"మీ సేతుల్తో మీరు తుడిసినారు అయ్యగారూ. సొంత తమ్ముళ్ళు ముట్టుకోలేదు," అంది.

ఒకసారి వచ్చి వెళ్ళారు కదా, ఉద్యోగం మనిషిని మళ్ళీ ఎందుకు తిప్పాలని చావు కబురు పంపలేదట.

అది నేను కాదని చెప్పాలి. నోరు తెరిచాను. ఆ తమ్ముళ్ళిద్దరూ అరుగు మీదే ఉన్నారు. కాదంటే ఆమెని వాళ్ళు బతకనివ్వరు కదా అని ఊరుకున్నాను. ఇది నేను తరవాత నాకు చెప్పుకున్న కారణం. ఆ నిమిషంలో మాత్రం ఆ మెప్పు నాకు తియ్యగా ఉంది.

తిరిగొచ్చేటప్పుడు మీటరు మీద కన్ను పెట్టాను. ఆ ఊరి నుంచి మస్తాన్ సందు మొగ దాకా సరిగ్గా ముప్పై అయిదు. రానూపోనూ డెబ్బై.

మర్నాడు లేత్ షాపుకి వెళ్ళి అడిగాను. బ్లాకు సోమవారం సాయంత్రం వచ్చింది, గురువారం వెళ్ళింది. అక్కడినుంచే మస్తాన్ దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆయన పనిలోంచి తలెత్తలేదు.

"మీటరు సంగతి నాకూ తెలీదు సాబ్. దొంగన్న మాట ఆ రోజు ఇరవైమంది విన్నారు. ఆళ్ళందర్నీ ఇప్పుడెక్కణ్ణించి పోగు చేస్తారు?"

సంఘంలో నా పేరు మారుమోగింది. మార్తమ్మ అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పింది; అది ఏ రోజని ఎవరూ అడగలేదు. బండి లేదని అబద్ధమాడి మరీ వచ్చినవాడి దేవుడు తనకీ కావాలని అప్పన్న బాప్తిస్మానికి పేరిచ్చాడు. జనం నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. నేను ముందు వరసలో కూర్చుని ఉన్నాను.

పెద్దల్లో ఒకాయనకి ఏకాంతంగా అంతా చెప్పాను. దేవదూత అయ్యుంటుందన్నాడు. సభలో మాత్రం చెప్పొద్దన్నాడు. దూతకి నా మొహమెందుకు, నా బండెందుకు, ఆ చిరిగిన సీటెందుకు అని అడిగాను. వాక్యం బాగా తెలిసిన మనిషే, ప్రార్థన చేసుకుందామని మోకరించాడు. నేనూ లేఖనాల్లో వెతుక్కున్నాను. నాకు సరిపోయే మాట దొరకలేదు.

ఎండలు ముదిరి తిరుగుళ్ళు ఆగిపోయే ముందు ఒకరోజు మార్తమ్మ దగ్గరికి వెళ్ళాను. అప్పన్న పొలంలో ఉన్నాడు. ఆమె వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. వచ్చింది నేను కాదని చెప్పాను. మీటరు సంగతీ, లేత్ షాపు సంగతీ చెప్పాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. గింజలు తీస్తూనే అడిగింది.

"మరి ఆ రోజు మీరేటి సేస్తన్నారు?"

సభ గురించి చెప్పాను. వేదిక గురించి చెప్పాను. ఎందుకో కొత్త చొక్కా గురించి కూడా చెప్పేశాను. ఆమె తిడుతుందని చూశాను, తిట్టలేదు.

వచ్చిందెవరో నాకు తెలియదమ్మా అన్నాను. ఇన్నేళ్ళ తరవాత ఎవరడిగినా నా దగ్గరున్నది ఆ ఒక్క మాటే.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అప్పన్నకి సెప్పకండి," అంది. మళ్ళీ చింతపండు అందుకుంటూ, కోపం లేకుండానే అంది. "ఇంక మీరు రానక్కర్లేదులెండి అయ్యగారూ. ఆయనొచ్చినాడు, సాలు."